కీచురాయి చెవికి తాళం తెలుసు



1913లో వియన్నా నగరంలో యోహాన్ రేగెన్ అనే అధ్యాపకుడు ఒక కీచురాయి కూతను ఇంకో కీచురాయికి టెలిఫోన్‌లో వినిపించాడు. ఒకచోట మగ కీచురాయిని ఉంచి దాని దగ్గర మాట్లాడే గొట్టం పెట్టాడు. వేరేచోట ఆడ కీచురాయిని వదిలి, అక్కడ వినే గొట్టం పెట్టాడు. అవతల మగది కూయడం మొదలుపెట్టింది. ఇవతల ఆడది ఆ గొట్టం దగ్గరికి నడిచి వచ్చింది. అక్కడ మగదాని రూపు లేదు, వాసన లేదు, నేల అదురు లేదు. తీగల మీదుగా వచ్చిన చప్పుడు ఒక్కటే ఉంది. పురుగు చప్పుడు వింటుందని, విన్నదాన్ని గుర్తుపట్టి ఆ దిక్కుకు కదులుతుందని దాంతో తేలిపోయింది.

ఆ సంగతి అలా తేలడం అవసరమే. ఎందుకంటే అంతకు కొన్నేళ్ళ ముందు, పురుగుల బతుకు గురించి లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసిన ఫ్రాన్సు దేశపు ఫాబ్ర్ వేరే మాట చెప్పి ఉన్నాడు. ఆయన ఇంటి ముందు చెట్ల మీద సికాడాలు ఉండేవి. ఎండాకాలం పట్టపగలు చెవులు చిల్లులు పడేట్టు గోల చేసే పురుగులవి. వాటికి చెవులున్నాయో లేదో చూద్దామని ఫాబ్ర్ ఊరి ఉత్సవాల్లో పేల్చే ఫిరంగి గొట్టాలను అడిగి తెచ్చుకున్నాడు. దట్టంగా మందు కూరి, చెట్టు కిందే పేల్చాడు. సికాడాలు కూత ఆపలేదు, తగ్గించలేదు, శ్రుతి కూడా మార్చలేదు. ఇవి చెవిటివి, లేదా చెవిటికి దగ్గర, అని ఆయన తీర్మానించాడు.

నిజానికి సికాడాకు చక్కటి చెవులున్నాయి. కాకపోతే ఫిరంగి మోత దానికి అక్కరలేని కబురు. దాని చెవికి పట్టేది తన జాతి కూత ఉండే స్థాయి. అందులోనూ మగ సికాడా తను కూస్తున్నంతసేపూ తన చెవి పొరను ముడిచి, వదులు చేసి పెట్టుకుంటుంది. ఫాబ్ర్ వేసిన ప్రశ్న మనిషి ప్రశ్న. పెద్ద చప్పుడైతే ఎవరైనా ఉలిక్కిపడాలి కదా అని మన లెక్క. పురుగు మెదడుకు ఆ లెక్క లేదు.

ఉండడానికి చోటు కూడా లేదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. తేనెటీగ మెదడులో దాదాపు 10 లక్షలు. మామిడిపండు మీద ముసిరే చిన్న పండ్ల ఈగ మెదడు మొత్తానికి 2024లో పూర్తి పటం గీశారు. అందులో తేలిన కణాలు 1,39,255. ఇంత కొద్ది సరంజామాతో లోకంలోని చప్పుళ్ళన్నీ విని, అర్థం చేసుకుని, గుర్తుంచుకోవడం కుదరదు. అందుకని పురుగు అన్నీ వినదు. తన బతుక్కి సంబంధించిన రెండు మూడు ప్రశ్నలు ముందే పెట్టుకుని, వాటికి జవాబిచ్చే చప్పుళ్ళ కోసమే చెవి ఒగ్గుతుంది. ఆడ కీచురాయి ప్రశ్నలు ఇవి: ఇది మా జాతి మగవాడేనా? ఏ పక్క ఉన్నాడు? ఈ వినబడుతున్నది నన్ను తినేది కాదు కదా?

ముందు మొదటి ప్రశ్న. కూసేవి మగ కీచురాళ్ళే, ఆ కూత గొంతులోంచి రాదు. ముందు రెక్కల్లో ఒకదాని కింద రంపపు పళ్ళ వరస ఉంటుంది, రెండోదాని అంచు దాని మీద గీసుకుంటుంది. రెక్కలు ఒకసారి మూసుకుంటే ఒక పలుకు. మన దేశంలోనూ దొరికే నల్ల కీచురాయి ఒకటుంది, రెక్కల మొదట్లో రెండు పసుపు మచ్చలుంటాయి. పరిశోధకులు ఎక్కువగా పనిచేసింది దీని మీదే. ఇది సెకనుకు రెండు మూడు కూతలు కూస్తుంది. ఒక్కో కూతలో మూడు నుంచి ఐదు పలుకులు. ఒక్కో పలుకు సుమారు 20 మిల్లీసెకండ్లు, అంటే సెకనులో 50వ వంతు. పలుకుకూ పలుకుకూ మధ్య ఖాళీ కూడా ఇంచుమించు అంతే. శ్రుతి సెకనుకు దాదాపు 4,800 కంపనాలు. మన చెవికి ఇదంతా ఒకటే కీచుమన్నట్టు వినిపిస్తుంది. ఆడ కీచురాయి పట్టుకునేది అందులోని లయను. శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది కానీ, పలుకుల మధ్య ఎడం మారితే అది మావాడు కాదు అనుకుంటుంది.

ఇక రెండో ప్రశ్న, ఏ పక్క అన్నది. వినే చెవి ముందు కాళ్ళ మీద, మోకాలికి కాస్త కింద ఉంటుంది. అక్కడ పలచని పొర, దాని వెనక 60, 70 దాకా వినికిడి కణాలు. చప్పుడు ఆ పొరకు బయటినుంచే కాదు, లోపలినుంచి కూడా తగులుతుంది. ఛాతీ పక్కనున్న శ్వాసరంధ్రంలోంచి ఒక వాయునాళం కాలి దాకా దిగుతుంది. అవతలి పక్క నాళంతో కూడా దానికి పొత్తు ఉంది. అందుచేత ఒకే ధ్వని పొరకు రెండు వైపులా వేర్వేరు దారుల్లో, వేర్వేరు ఆలస్యాలతో వచ్చి తాకుతుంది. చప్పుడు వచ్చే దిక్కును బట్టి ఆ తాకిళ్ళు ఒకదానికొకటి తోడవుతాయి, లేదా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కుడి ఎడమ చెవుల మధ్య సెంటీమీటరు కంటే పెద్ద దూరం లేని ప్రాణికి దిక్కు తెలియడం వెనక కిటుకు ఇదే.

ఆ తేడాను పెంచే పని నాడీకణాలది. కాలి నుంచి వచ్చిన నరాలు తిన్నగా తలకు పోవు. ఛాతీలోని నాడీసంధిలో ఆగుతాయి. అక్కడ కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, గ్రీకు అక్షరం ఒమేగా ఆకారంలో ఉండే రెండు కణాలున్నాయి. వీటి పని ఒకదాన్నొకటి అణచడం. కుడి చెవికి చప్పుడు రవ్వంత ఎక్కువ వినబడితే, కుడి కణం ఎడమ పక్కను నొక్కిపడుతుంది. రవ్వంత తేడా స్పష్టమైన తేడా అవుతుంది.

ఈ దిక్కు తెలుసుకునే విద్యలో కీచురాయిని మించిన ఘటం ఒకటుంది. అమెరికాలో ఉండే ఒక ఈగ, ఆర్మియా ఒక్రేసియా. మగ కీచురాయి కూతను విని, వెతుక్కుంటూ వచ్చి, దాని మీద తన పిల్లపురుగులను వదులుతుంది. అవి కీచురాయి లోపలికి దూరి దాన్ని తింటూ పెరుగుతాయి. ఆ ఈగ చెవి పొరల మధ్య దూరం అర మిల్లీమీటరు. ఒక చెవికీ ఇంకో చెవికీ చప్పుడు చేరడంలో తేడా సెకనులో పది లక్షల వంతుల్లో ఒకటిన్నర వంతుకు మించదు. అయినా రెండు డిగ్రీల మార్పును కనిపెడుతుంది. రెండు పొరలనూ కలిపే చిన్న మీట ఒకటి ఆ తేడాను పెంచి నాడులకు అందిస్తుంది. ఈ మీటను చూసి మనుషులు వినికిడి యంత్రాలకు కొత్త మైకులు తయారు చేయడానికి పూనుకున్నారు.

మళ్ళీ కీచురాయి దగ్గరికి, దాని మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఛాతీ నుంచి మెదడుకు ఈ కూతను మోసుకెళ్ళేది ఒక్కో పక్క ఒక్కటే నాడీకణం. ఒక్కటే! రాబోయే పిల్లల తండ్రి ఎవరన్న కబురంతా ఆ ఒక్క తీగ మీద పోతుంది. ఆ తీగ మెదడు చేరాక ఏమవుతుందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో బెర్తోల్డ్ హెడ్విగ్, స్టెఫాన్ షోనైష్, కాన్‌స్టాంటినోస్ కోస్టరాకోస్ దాన్ని విప్పి 2015లో ప్రకటించారు. కీచురాయి మెదడులోని ఒక్కో కణంలోకి కంటికి ఆనని మొన ఉన్న గాజుసూది గుచ్చి, స్పీకరులో కూతలు వినిపిస్తూ, ఆ కణం ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు ఊరుకుంటుందో నమోదు చేశారు. లయను గుర్తుపట్టే యంత్రాంగం మొత్తం ఐదు కణాలని తేలింది. ఛాతీ నుంచి వచ్చే ఆ ఒక్క తీగ కూడా ఈ ఐదులో ఒకటి.

దాని పని నెమ్మదిగా చెప్పుకోవాలి. పైకి వచ్చిన కణం కబురును రెండు దారుల్లో పంపుతుంది. ఒకటి సూటి దారి, ఇంకోటి చుట్టుదారి. చుట్టుదారిలో ఉన్న కణం మిగతావాటిలా టపటపా విద్యుత్ సంకేతాలు పేల్చే రకం కాదు. పలుకు వినబడుతున్నంతసేపూ దాన్ని మరో కణం అణచిపెట్టి ఉంచుతుంది. పలుకు ఆగింది, అణచివేత పోయింది. అప్పుడు ఆ అణిగిన కణం మామూలు స్థితికి వచ్చి ఊరుకోదు, ఒక్క ఊపున దాన్ని దాటి పైకి లేస్తుంది. మొదటి పలుకు మొదలైన దగ్గర్నుంచి లెక్కపెడితే ఆ ఊపు రావడానికి సుమారు 40 మిల్లీసెకండ్లు పడుతుంది. సరిగ్గా ఆ సమయానికే రెండో పలుకు సూటి దారిలో వచ్చిందనుకోండి, రెండూ ఇంకో కణం దగ్గర కలుసుకుంటాయి. బ్యాంకు లాకరు మేనేజరు తాళంచెవికి ఒక్కదానికే తెరుచుకోదు, మన తాళంచెవికి ఒక్కదానికే తెరుచుకోదు, రెండూ పడాలి. ఇక్కడా అంతే. రెండూ కలిస్తే ఆ కణం గట్టిగా పలుకుతుంది, దాని మాట విని ఐదో కణం ‘ఇది మావాళ్ళ కూతే’ అంటుంది. పలుకుల మధ్య ఎడం తక్కువైతే రెండోది ముందే వచ్చేస్తుంది, ఎక్కువైతే ఊపు చల్లారాక వస్తుంది. ఎలా చూసినా తలుపు తీయరు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, కాలం కొలవడానికి పురుగు గడియారమేదీ పెట్టుకోలేదు. ఒక కణాన్ని నొక్కి వదిలితే అది లేవడానికి పట్టే వ్యవధినే కొలతబద్దగా వాడుకుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. మొదటి పలుకు ఎంత చక్కగా ఉన్నా ఈ యంత్రాంగం దాన్ని గుర్తుపట్టలేదు. రెండోది వచ్చేదాకా మొదటిదానికి అర్థం లేదు.

అయితే గుర్తుపట్టడం వేరు, నడవడం వేరు. హెడ్విగ్ తన సహచరుడు జేమ్స్ పౌలెట్‌తో కలిసి ఆడ కీచురాయిని ఒక తేలికపాటి బంతి మీద నడిపించి, బంతి ఎటు దొర్లుతుందో కొలిచాడు. వాళ్ళకు కనిపించింది వింతగా ఉంది. కీచురాయి కూత పూర్తయ్యేదాకా ఆగి, ఆలోచించి తిరగదు. ఒక్కో పలుకుకు అది వినబడిన పక్కకు, 60 మిల్లీసెకండ్లు కాకముందే మళ్ళుతుంది. మెదడు లయను పోల్చుకోవడానికి అంత వ్యవధి చాలదు. అంటే మళ్ళించే పని వేరేచోట, వెంటవెంటనే జరిగిపోతోంది. మెదడు చేసేది దానికి అనుమతి ఇవ్వడం, అంతే. ఒకసారి సరైన లయ వినిపించి అనుమతి దొరికాక, మధ్యలో తప్పు లయ కూతలు వినిపించినా కొన్ని సెకన్లపాటు ఆడది వాటి వెంట కూడా పోతుంది. నమ్మకం కుదిరిన తర్వాత కాసేపు పరీక్షలు ఉండవన్న మాట!

ఇక్కడ వాతావరణం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. కీచురాయికి మనలా వంట్లో స్థిరమైన వేడి ఉండదు. చలి రాత్రి దాని కండరాలు మందగిస్తాయి, కూత నెమ్మదిస్తుంది. వెచ్చని రాత్రి జోరందుకుంటుంది. 1897లోనే అమెరికాలో డాల్బేర్ అనే ఆచార్యుడు కూతలు లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పవచ్చని సూత్రం రాశాడు. మరి లయ రోజురోజుకూ మారుతుంటే ఆడది ఎలా గుర్తుపడుతుంది? 1957లో థామస్ వాకర్ చెట్టు కీచురాళ్ళ మీద చేసిన పరిశీలనలో, ఆడది తనున్న వేడికి సరిపోయే లయనే ఎంచుకుంటుందని తేలింది. మగదాని రెక్కలను మందగింపజేసిన చలే ఆడదాని నాడీకణాలనూ మందగింపజేస్తుంది. ఇద్దరి కొలతలూ కలిసే మారుతాయి.

చెట్టు కీచురాయి అన్నాను కనుక మన ప్రాంతం మాట ఒకటి. చిత్తూరు జిల్లా కుప్పం పరిసరాల్లో ఈకాంతస్ హెన్రీ అనే సన్నని చెట్టు కీచురాయి తుప్పల మీద ఉంటుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రోహిణీ బాలకృష్ణన్ బృందం ఏళ్ళ తరబడి దీన్ని పరిశీలించింది. ఇందులో కొన్ని మగవి ఆకు మధ్యలో తమ కొలతకు సరిపడా కంత కొరికి, అందులోంచి తల బయటపెట్టి, ఆకుకు రెక్కలు ఆనించి కూస్తాయి. కూత బాగా పెద్దగా వినిపిస్తుంది. ఈ ఉపాయం ఎక్కువగా చేసేవి చిన్న ఒళ్ళున్నవి, గట్టిగా కూయలేనివి అని 2020లో వాళ్ళు ప్రకటించారు. ఆడవి పెద్ద కూతకే మొగ్గు చూపుతాయి కనుక ఆ పొట్టివాటికి ఈ అవస్థ.

పెద్ద కూతతో కూసేదానికే ఒక ఇబ్బంది ఉంది. నల్ల కీచురాయి కూత దాని ఒంటి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది. అంత మోత, సొంత కాళ్ళ మీదున్న చెవుల పక్కనే. చెవి మొద్దుబారిపోవాలి. పొంచి వచ్చే శత్రువు అలికిడి వినబడకూడదు. కానీ పౌలెట్, హెడ్విగ్ 2006లో ఒక నాడీకణాన్ని పట్టుకున్నారు. రెక్కలు మూసుకోమని ఆజ్ఞ వెళ్ళిన ప్రతిసారీ ఆ కణం వినికిడి కణాలను ఆ క్షణానికి అణచిపెడుతుంది. పలుకు అయిపోగానే వదిలేస్తుంది. పలుకుల మధ్య ఖాళీలో చెవి యథాప్రకారం పనిచేస్తుంది. రెక్క తీసేసి కూత బయటికి రాకుండా చేసినా ఆ అణచివేత మానలేదు. కాబట్టి ఇది చప్పుడుకు కలిగిన ప్రతిస్పందన కాదు, చప్పుడు రాబోతోందని లోపలినుంచి అందే ముందస్తు కబురు. మనిషి తన మాటనూ ఎదుటివాడి మాటనూ వేరుగా వినడం వెనకా ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆ పని చేసే ఒకే ఒక్క కణాన్ని వేలుపెట్టి చూపించగలిగింది మాత్రం ఈ పురుగులో.

ఇక మూడో ప్రశ్న, తినేవాడి సంగతి. రాత్రి ఎగిరే కీచురాళ్ళను గబ్బిలాలు పట్టుకుంటాయి. గబ్బిలం అరుపు మన చెవికి అందనంత కీచుది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు రాన్ హాయ్ బృందం చూపించినదేమిటంటే, కీచురాయికి చప్పుళ్ళు రెండే రకాలు. సెకనుకు 13,000 నుంచి 16,000 కంపనాల మధ్య ఎక్కడో గీత ఉంది. గీత కింద ఉన్నది ‘రా’, పైన ఉన్నది ‘పారిపో’. మధ్యస్థం లేదు. పై రకానికి మెదడు దాకా వేరే కణం ఉంది. ఎగురుతున్న కీచురాయిలో ఆ ఒక్క కణాన్ని రేపితే చాలు, ఒళ్ళు పక్కకు తిప్పేస్తుంది. అదే కణాన్ని నేల మీద ఊరకే ఉన్నప్పుడు రేపితే అలా తిప్పదు. గబ్బిలం భయం గాలిలో ఉన్నవాళ్ళకే మరి.

ఈ కీచు చప్పుళ్ళ మాట వచ్చింది కనుక దోమల సంగతి చెప్పి తీరాలి. గోడకు తగిలించే యంత్రాలు, ఫోనులో వేసుకునే యాప్‌లు ఏదో చప్పుడు చేసి దోమల్ని తరుముతాయని అమ్ముతున్నారు. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2007లో పది క్షేత్ర పరీక్షలను తిరగేసి, వీటివల్ల దోమకాటు తగ్గుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. డబ్బు దండగ. దోమకు చెవుడు అని కాదు. మగ దోమ కుచ్చు మీసాల అడుగున 15,000 దాకా వినికిడి కణాలుంటాయి, మన ఒక చెవిలో ఉన్నన్ని. అవన్నీ ఉన్నది ఆడ దోమ రెక్కల సన్నాయి కోసం. డెంగీ దోమల్లో ఆడదాని రెక్కలు సెకనుకు 400 సార్లు, మగదానివి 600 సార్లు కొట్టుకుంటాయి. జతకట్టేటప్పుడు రెండూ వేగాన్ని సవరించుకుని, 1,200 దగ్గర ఉన్న పై స్వరాన్ని కలుపుకుంటాయి. మనల్ని కుట్టే ఆడదానికి మనం మోగించే యంత్రంతో పనేముంది?

గబ్బిలాన్ని వినడంలో అసలు సిసలు విద్వాంసులు మాత్‌లు, అంటే రాత్రి దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులు. వీటిలో ఒక పెద్ద కుటుంబానికి ఒక్కో చెవిలో గబ్బిలాన్ని వినే కణాలు రెండే రెండు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ రోడర్, ఆయన స్నేహితుడు ఆషర్ ట్రీట్ 1950లలో ఈ చెవిని పరిశీలించారు. మాత్ చెవి నరానికి తీగలు తగిలించి, ఆ సంకేతాలను స్పీకరులో వింటూ, దాన్నే గబ్బిలాలను పసిగట్టే పరికరంగా వాడుకున్నారు. ఒక కణం 30 మీటర్ల దూరపు గబ్బిలానికి కూడా పలుకుతుంది. అప్పుడు మాత్ ఏ పక్క గట్టిగా వినబడిందో చూసుకుని అవతలికి తిరిగి వెళ్ళిపోతుంది. గబ్బిలం మీదికి వచ్చేస్తే రెండో కణం కూడా పలుకుతుంది. అప్పుడు దిక్కు చూసుకోవడం ఉండదు. పల్టీలు కొడుతుంది, లేదా రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడిపోతుంది. ఆ రెండో కణమే పల్టీకి కారణమన్న రోడర్ ఊహ మీద తర్వాతివాళ్ళకు అనుమానాలు వచ్చాయి. ఒక్కటే కణం ఉన్న మాత్‌లూ ఉన్నాయి, అవీ చక్కగా తప్పించుకుంటున్నాయి. ఒకే కణం నెమ్మదిగా పలికిందా, ఎడతెగకుండా పలికిందా అన్నది చూసుకున్నా ఆ పని జరిగిపోతుందేమో.

ఆషర్ ట్రీట్‌ది ఇంకో సొంత పరిశోధన ఉంది, అది నాకు రోడర్ పరిశోధన కంటే ఎక్కువ ఇష్టం. మాత్ చెవిలో కాపురం పెట్టే నల్లి ఒకటుంది. మన మిరప రైతులను ఏడిపించే నల్లికి దూరపు చుట్టం. చెవి పొరను చీల్చుకుని లోపల గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. ఆ చెవి ఇక పనికిరాదు. ట్రీట్ ఎన్ని మాత్‌లను చూసినా, నల్లులు దాదాపు ఎప్పుడూ ఒకే చెవిలో ఉన్నాయి. మొదట వచ్చిన నల్లి ఒక చెవిని ఎంచుకుంటుంది. తర్వాత వచ్చినవి దాని జాడ పట్టుకుని అదే చెవికి పోతాయి. చోటు చాలక ఇరుక్కుంటాయే కానీ పక్క చెవి జోలికి పోవు. ఒక చెవి మిగిలిన మాత్ గబ్బిలాన్ని ఇంకా వింటుంది, ఇంకా పల్టీ కొడుతుంది. రెండోదీ పోతే మాత్‌తో పాటు చెవిలోని కాపురం కూడా గబ్బిలం కడుపులోకే.